గల్ఫ్ మంచుకు బేరిగై ఎండ

సముద్రంలో పొగమంచు ఎప్పుడు పడుతుందో, ఎంత దూరం కనిపిస్తుందో ఓడలవాళ్లకు ముందుగా చెప్పడం నా ఉద్యోగం. హోసూరులో అద్దెగదిలో కూర్చుని చెబుతాను. సముద్రాన్ని నేను చూసింది ఒక్కసారే. చెప్పులు పోగొట్టుకుని వచ్చాను.

మా బావ గల్ఫ్‌లో ఒక చిన్న సరుకు ఓడలో ఫిట్టరు. పోయిన జనవరిలో వాళ్ల ఓడ మంచులో చిక్కుకుని రేవు బయట లంగరు వేసింది. పక్కనే రెండు ఓడలు గుద్దుకున్నాయని ఫోనులో చెప్పాడు. ఆ తర్వాత ఫోను తగల్లేదు. బేరిగై నుంచి అక్క నన్ను రమ్మంది. ల్యాప్‌టాప్ పట్టుకుని పొద్దున్నే బస్సెక్కాను.

వాళ్ల ఊళ్లోనూ మంచే. అక్క మామగారు గులాబీ తోటలో నిలబడి కొండ వైపు చూస్తున్నాడు. కొండ మొన కనిపించిందంటే మంచు విడుస్తున్నట్టు. తోటకు మందు కొట్టేది ఆయన అప్పుడే. కాసేపటికి మొన తేలింది, ఎండ పడింది.

"చూడమ్మా, కొండ బయటపడింది. ఆడా ఇంతే. ఎండెక్కితే వాడి ఓడా కదుల్తుంది" అన్నాడు కోడలితో.

అక్క మొహం తేటపడింది. స్టవ్ మీద కాఫీకి నీళ్లు పెట్టింది.

నా తెర మీద మాత్రం చల్లటి నీళ్ల మీదికి తడిగాలి వస్తూనే ఉంది. మన నేల మీద మంచు ఎండకు పోతుంది. సముద్రం మీద గాలి తెచ్చే ఆ మంచుకు ఎండంటే లెక్కలేదు.

"ఏమప్పా, మాట్లాడవు? నువ్వు నోరు మూసుకుంటే నాకు భయమైతుంది" అంది అక్క.

"ఆడ ఎండకు పోదక్కా. గాలి తిరగాల."

"ఎప్పుడు తిరుగుతుంది?"

"రేపు సాయంత్రానికి అనుకుంటా."

"అనుకుంటావా?"

"అనుకునేదానికే నాకు జీతం."

ఎవరూ నవ్వలేదు. నవ్వించాలని అన్నదీ కాదు, అలవాటుగా వచ్చేసింది.

"ఇంత చదివి, ఎండను కూడా పనికిరాకుండా చేసినావు కదప్పా" అన్నాడు పెద్దాయన. కోపంగా కాదు. కోపంగా అనుంటే బాగుండేది.

అక్క స్టవ్ ఆర్పేసి నా పక్కన కూర్చుంది. తెర నిండా గాలి ఎటు వీస్తుందో చూపే బాణాలు.

"ఇందులో యాడ ఉండాడు?"

చూపించాను. అక్కడ వేలు పెట్టి, అట్లాగే ఉంచేసింది. ఆ వేలి కింద గాలి ఎటు తిరుగుతోందో నాకు కనిపించడం లేదు. తియ్యమనలేకపోయాను.