మంచుమీద పెట్టిన పిల్ల

"...అంటే ఆ తొమ్మిది రోజులూ అది కొండమీద ప్రార్థన చేసుకుంటూ కూర్చుందంటావా వదినా?"

"నేనేమీ అనడం లేదు. ఆ తొమ్మిది రోజులూ నీ తెల్లకుక్క ఎక్కడుందో అది చెప్పు ముందు."

"నా కుక్క గొర్రెల్ని వదిలి గజం కదలదు. అంత దూరం నుంచి దాన్ని తెచ్చిందే అందుకు. నీ కుక్క ఊరిమీద పడి తిరిగితే మధ్యలో నాదేం చేసింది?"

ఏర్లింగ్ హౌగెన్ గొర్రెలపాక బయట నిలబడి ఈ మాటలు విన్నాడు. లోపల ఉన్నది ఓర్ఫా, ఆమె మరిది క్లేటన్. తను అడుగు పెట్టగానే ఇద్దరూ నోరు మూసి తన మొహం వంక చూస్తారని అతనికి తెలుసు. అందుకని బూట్లకంటిన మంచు దులుపుకునే నెపంతో ఇంకొంచెంసేపు గుమ్మం దగ్గరే ఆగాడు.

అతనికి అరవై ఒకటి నిండాయి. అందులో ముప్పై ఏళ్ళు ఆ లోయలోని గొర్రెల పెంపకందార్ల సంఘానికి ఉచ్చుల మనిషిగానే గడిచాయి. అతని పని కయోటీలను చంపడం. కయోటీ నక్కకన్నా పెద్దది, తోడేలుకన్నా చిన్నది, రెంటికన్నా మొండిది. మోంటానాలో గొర్రెలున్న చోటల్లా అదీ ఉంటుంది. ఏర్లింగ్ ఉక్కు ఉచ్చులు పాతేవాడు. వసంతంలో బొరియలు తవ్వి పిల్లల్ని కొక్కెంతో బయటికి లాగేవాడు. చచ్చినవాటిని రోడ్డు పక్క కంచెకు తలకిందులుగా వేలాడదీసేవాడు. ఆదివారం చర్చికి పోయేవాళ్ళు అక్కడ బళ్ళు నెమ్మది చేసి, ఈ వారం ఎన్ని పడ్డాయో చూసుకుని, తృప్తిగా సాగిపోయేవారు. అతని పనితనానికి ఆ కంచే సాక్ష్యం.

దీనితోపాటు ఇంకో పని కూడా అతని మెడకు చుట్టుకుంది. వేసవిలో అందరి మందలూ ఉమ్మడి మేతకు కొండెక్కుతాయి. వేసవి చివర్లో అక్కడ ఏ ఆడకుక్కైనా నాలుగు రోజులు తప్పిపోయి, చలికాలం మొదట్లో ఈనిందంటే అనుమానం పుడుతుంది. ఆ పిల్లలు కయోటీకి పుట్టినవైతే వాటినీ, తల్లినీ కూడా చంపాలని సంఘం కట్టుబాటు. కయోటీతో తిరిగిన కుక్క గొర్రెల దారి దానికి చూపిస్తుందని లోయలో నమ్మకం. చంపనన్నవాళ్ళ మందను మరుసటి వేసవి కొండెక్కనివ్వరు. ఆ పిల్లలు కుక్కవో కయోటీవో తేల్చేది ఏర్లింగ్.

ఈ పని అతను కోరుకున్నది కాదు. ఇరవై రెండేళ్ళ కిందట క్లేటన్ తండ్రి తన కుక్క ఈనిన పిల్లల్ని బుట్టలో పెట్టుకొచ్చి, పదిమంది ముందు, "ఇవి ఎవరివిరా?" అని అడిగాడు. తెలియదు అని చెప్పడానికి ఏర్లింగ్‌కు నోరు రాలేదు. ఒక పిల్లని తీసి మంచుమీద పెట్టాడు. కుక్కపిల్లయితే ఎత్తుకునేదాకా ఏడుస్తుందనీ, కయోటీపిల్ల కాసేపటికి నోరు మూస్తుందనీ, తల్లి లేనప్పుడు బొరియలో ఏడిస్తే చావేనని దాని రక్తానికే తెలుసనీ చెప్పాడు. ఆ మాట ఆ క్షణంలో పుట్టిందే. అతను పైపులో పొగాకు నింపి వెలిగించుకునేంతలో పిల్ల ఊరుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. అప్పటినుంచి అదే పరీక్ష, పైపు నింపి వెలిగించేంతసేపే గడువు.

కళ్ళు తెరవని ఏ పిల్లయినా చలికి కొయ్యబారి నోరు మూస్తుందని రెండో ఈతకల్లా అతనికి అర్థమైంది. పైపు నింపడం ఎంత నిదానంగా అన్నది తన వేళ్ళలో ఉందని కూడా అర్థమైంది. పిల్లల్ని తెచ్చేవాళ్ళు మనసులో ముందే తేల్చుకుని వచ్చేవారు. వాళ్ళ మొహం చూస్తే చాలు. ఇంతవరకూ ఆరు ఈతలు చూశాడు. ఆరూ కయోటీవే అన్నాడు.

నాలుగోది తన ఇంట్లోదే. భార్య మార్గిట్ పెంచుకున్న రూబీ. ఊరివాళ్ళ కుక్కల్ని చంపి తన కుక్కను వదిలేశాడన్న మాట పడకూడదని, ఆ రోజు సంఘం పెద్దల్ని పిలిపించి మరీ పరీక్ష పెట్టాడు. తల్లినీ పిల్లల్నీ తనే కాల్చాడు. మార్గిట్ వంటింటి కిటికీలోంచి చూసింది. ఆ తర్వాత ఆ ఇంట్లో కుక్క లేదు.

అది జరిగిన రెండేళ్ళకు ఏదో కాలేజీనుంచి ఒక పరిశోధకుడు గాజుసీసాలు పట్టుకుని వచ్చాడు. ఉచ్చులో పడ్డ మగ కయోటీల వృషణాలు నెలనెలా పంపమని అడిగాడు. ఏర్లింగ్ ఏడాదిపాటు పంపాడు. చివర్న కృతజ్ఞతలు చెబుతూ ఉత్తరం వచ్చింది. మగ కయోటీలో నడి చలికాలం నుంచి వసంతం మొదటిదాకానే బీజం ఉంటుందని, మిగతా నెలల్లో అది విత్తులు కొట్టిన పొట్టేలుతో సమానమని అందులో రాసి ఉంది. చలికాలంలోనైతే కుక్కకూ దానికీ పొత్తు కుదరవచ్చు, అదీ అరుదు. వేసవిలో తప్పిపోయిన కుక్కకు మాత్రం కయోటీ పిల్లలు పుట్టవు.

ఉత్తరం ముందు విప్పింది మార్గిట్. చదివి, మడిచి, అతని కాఫీ కప్పు కింద పెట్టింది. అతను దాన్ని పొయ్యిలో వేశాడు. ఆ తర్వాత ఇంకో రెండు ఈతలకు పరీక్ష పెట్టాడు.

ఈరోజు పొద్దున బయల్దేరుతుంటే రొట్టె చుట్టిన గుడ్డ చేతికిస్తూ మార్గిట్ అడిగింది: "ఈసారైనా చెబుతావా?"

"ఏం చెప్పాలి?"

"రూబీ పిల్ల చాలాసేపు ఏడ్చింది. నువ్వు పైపు రెండోసారి నింపావు." అంతే చెప్పి ఆమె లోపలికి పోయింది.

దారంతా ఏర్లింగ్ ఒక్క వాక్యం మనసులో కూర్చుకున్నాడు. ఎండాకాలంలో మగ కయోటీకి పిల్లల్ని పుట్టించే శక్తి ఉండదు. అంతే. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అక్కర్లేదు.

అతను లోపలికి రాగానే అనుకున్నట్టే ఇద్దరూ అతని మొహం వంక తిరిగారు. గడ్డిలో ఓర్ఫా కుక్క టాన్సీ పడుకుని ఉంది. మట్టిరంగు కుక్క, మెడచుట్టూ తెల్లపట్టీ. దాని పొట్ట దగ్గర వారం ఈడు పిల్లలు అయిదు, ఎలుకల్లా, బూడిద కలిసిన మట్టిరంగులో పెనవేసుకుని ఉన్నాయి. తల్లి రంగే. ఏర్లింగ్ వంగితే టాన్సీ అతని చేయి వాసన చూసి, నాకి, తల వాల్చేసింది.

"చూశావా, నీ ఒంటిమీది కయోటీ వాసన దానికి అలవాటే," అన్నాడు క్లేటన్.

"అది మనుషుల్ని నమ్ముతుంది మరిదీ. అదే దాని తప్పు," అంది ఓర్ఫా.

ఆమె మొగుడు పోయి రెండేళ్ళయింది. ఆరువందల గొర్రెలు. టాన్సీ ఒక్కతే వాటిని కొండెక్కించి దించుతుంది. ఓర్ఫా వాటి వెనకాలే ఈల వేస్తూ నడుస్తుంది. టాన్సీ లేకపోతే వచ్చే వేసవికి మంద క్లేటన్ మందలో కలవాల్సిందే. క్లేటన్ ఆ సంగతి రెండేళ్ళుగా మెత్తగా చెబుతూనే ఉన్నాడు. అందుకే నీళ్ళు కూడా తాగకుండా ఈ పిల్లల విషయం సంఘానికి చేరవేసింది అతనే.

ఏర్లింగ్ ఒక పిల్లని ఎత్తాడు. వెచ్చగా, జారుడుగా ఉంది. కడుపు తడిమాడు, మూతి చూశాడు, కాళ్ళు చూశాడు. వెనక కాలి మడమ పైన అతని బొటనవేలు ఆగిపోయింది. అక్కడ, పక్కపక్కనే, నేలకు ఆనకుండా వేలాడుతున్న రెండు చిన్న అదనపు గోళ్ళు.

కయోటీ వెనక కాలికి అలాంటి గోరు ఒక్కటి కూడా ఉండదు. జంటగోళ్ళున్న జంతువు ఆ లోయ మొత్తానికి ఒకటే ఉంది: క్లేటన్ తెల్లకుక్క. పోయిన చలికాలం అది తన మందకు మూడు మైళ్ళ దూరాన ఏర్లింగ్ ఉచ్చులో పడింది. కాలు విడిపిస్తూ ఆ జంటగోళ్ళను అతను దగ్గర నుంచి చూశాడు. కుంటుకుంటూ పోయిన ఆ కుక్క గురించి ఎవరికీ చెప్పలేదు. పెద్దమనిషి కుక్కను ఉచ్చులో పట్టానని ఎవరు చెప్పుకుంటారు?

"ఏర్లింగన్నా," అంది ఓర్ఫా. "ఈయన నోటికొచ్చింది అంటాడు. నువ్వు చూసి చెప్పు. నువ్వేం చెబితే నాకు అదే. ఎదురు మాట్లాడను."

అతను నోరు తెరిచాడు. వాక్యం నాలుకమీదే ఉంది.

"ఆయన చెబితే ఎవరు ఎదురు మాట్లాడారు గనక?" అన్నాడు క్లేటన్. "మా నాన్న కుక్క చచ్చిననాడు నాకు పదేళ్ళు. రాత్రిళ్ళు నా మంచంలోనే పడుకునేది. నేను ఏడుస్తుంటే నాన్న చెంప పగలగొట్టి, ఏర్లింగ్ చెప్పాడంటే అది అంతే, మగాడిలా ఉండు అన్నాడు. మళ్ళీ ఏడవలేదు. కదా ఏర్లింగ్?"

ఏర్లింగ్ పిల్ల మడమ మీద నుంచి బొటనవేలు తీయలేదు. గోళ్ళను అలాగే మూసిపెట్టి బయటికి నడిచాడు.

పాక ముందు మంచు అడుగున్నర లోతుంది. టాన్సీని లోపల గొలుసుతో కట్టి తలుపు వేశారు. అతను వంగి పిల్లని మంచుమీద, కాళ్ళు కిందికి వచ్చేలా పెట్టాడు. అది ఒక్కసారి వణికి కీచుమంది. పాకలో గొలుసు లాగిన చప్పుడు వినిపించింది. తర్వాత గోళ్ళతో నేల గీకడం.

ఏర్లింగ్ పొగాకు సంచి తీశాడు. చిటికెడు చిటికెడుగా పైపులో పెట్టి అదిమాడు. పిల్ల గుండ్రంగా పాకుతోంది. పాకినకొద్దీ మంచులోకి దిగుతోంది. ఏడుపు ఆగలేదు. అతను పుల్ల గీసి పైపు వెలిగించాడు. రెండు దమ్ములు లాగాడు. పిల్ల ఏడుస్తూనే ఉంది. గుప్పెడంత ఒంట్లో అంత గొంతు ఎక్కడుందో.

క్లేటన్ మొహంలో నవ్వు పోయింది. "ఇంకా ఏడుస్తూనే ఉందే," అన్నాడు, పిల్లని కాదు, ఏర్లింగ్‌ను చూస్తూ. అది అడిగినట్టుంది. ఇరవై రెండేళ్ళ కిందట మంచుమీద పెట్టిన ఆ పిల్ల ఎంతసేపు ఏడ్చిందో గుర్తు చేసుకుంటున్నట్టూ ఉంది.

ఓర్ఫా మొహం విప్పారింది. "పైపు వెలిగింది," అంది. "గడువు అయిపోయింది. నేను తీసుకుంటాను." కోటు గుండీలు విప్పుతూ, పిల్లని రొమ్ముకు అదుముకోవడానికి వంగింది.

"ఆగమ్మాయ్," అన్నాడు ఏర్లింగ్.

ఆమె వంగినది వంగినట్టే ఆగింది.

"పొగాకు తడిసింది. సరిగ్గా అంటుకోలేదు." పైపును బూటు మడమకేసి కొట్టాడు. ఎర్రటి నిప్పు మంచులో పడి చుయ్యిమంది. మళ్ళీ సంచి తీశాడు. వేళ్ళు చలికి వంగడం లేదన్నట్టు ఒక్కొక్క చిటికే తీసి, రాలిపోతే మళ్ళీ తీసి, నింపాడు. పిల్ల గొంతు సన్నబడింది. తర్వాత నోరు తెరుచుకునే ఉంది గానీ అందులోంచి చప్పుడు రాలేదు. వెనక కాలు ఒకటి చాపుకుని ఉండిపోయింది. జంటగోళ్ళు మంచుమీద నల్లగా, చూడదలచినవాళ్ళకు కనపడేలాగే ఉన్నాయి. ఎవరూ చూడలేదు. ఓర్ఫా అతని చేతిలోని పైపునే చూస్తోంది. లోపల టాన్సీ కూడా ఊరుకుంది.

ఏర్లింగ్ పుల్ల గీశాడు. పైపు వెలిగింది.

"కయోటీవే," అన్నాడు. "తల్లిని కూడా తీసుకురండి."