గేటు మీది బల్బు

తాతల నాటి పత్తి మిల్లు చేజారిపోయాక ఆదోనిలో మాకు మిగిలింది సగం ఇల్లు, పెరట్లో బావి. అడిగినవాళ్లకు ఆ నీళ్లు ఇవ్వడం మా ఇంటి ఆనవాయితీ. లేదనడం మా అమ్మకు రాదు. డెబ్బైల చివర వరసగా వానలు తప్పాయి. ఎండాకాలం వస్తే బావిలో మంచినీళ్లు అయిపోయి, అడుగున ఉప్పునీళ్లు మిగిలేవి. బిందెతో వచ్చినవాళ్లకు ఏం చెప్పాలో తెలియక అమ్మ వీధి తలుపు వేసుకుని లోపలే ఉండిపోయేది.

అది చూడలేక, రేడియోలు బాగుచేసే అతన్ని పిలిపించాను. మూత అతికించిన నెయ్యి డబ్బా ఒకటి బావిలో తేలేటట్టు వేసి, దాని తాడును స్విచ్చికి కట్టి, అక్కడినుంచి వీధి గేటు మీది బల్బుకు వైరు లాగాడు. ఉప్పు మొదలయ్యే రాతి వరసకు నీళ్లు దిగితే బల్బు ఆరిపోతుంది. లేదని చెప్పే పని ఇక దానిదే. రెండు వేసవులు మా మర్యాద అలా దక్కింది.

మూడో వేసవిలో ఒకరోజు పొద్దుననుంచి ఒక్కరూ నీళ్లకు రాలేదు. మిట్టమధ్యాహ్నం, పత్తి మిల్లులో కూలికి పోయే పక్కింటామె నిండు బిందెతో వచ్చింది.

"అమ్మా, మీ లైటు ఆరిపోయిండాది. బాయి ఎండిందంట గదా. మీకు తాగను నీళ్లు యాడివి? కొళాయికాడ పట్టుకొచ్చినా."

మా ఇంటికి ఒకరు నీళ్లు తెచ్చిపెట్టడమా! "మాకు అక్కర్లేదు, తీసుకుపో" అన్నాను.

"తాగకుంటే కాళ్లు కడుక్కో సామీ. మళ్లా మోసుకుపోను నా నడుము ఒప్పుకోదు."

అమ్మ ఆ నీళ్లు మా గంగాళంలో పోయించుకుంది. ఇంటికొచ్చిన గిన్నెను ఖాళీగా పంపే అలవాటు మాకు లేదు. బిందె పట్టుకుని పెరట్లోకి పోయింది. గిలక చప్పుడైంది. బావి నీళ్లతో నిండిన బిందెను తెచ్చి ఆమె చేతికిచ్చింది.

ఆమె పుడిసెడు నోట్లో పోసుకుని చూసింది. "తియ్యగుండాయే! మరి లైటు అబద్ధం సెప్తాందా?"

ఫ్యూజు పోయిందని నాకప్పుడు తట్టింది. పగలు మా ఇంట్లో కరెంటుతో వేరే పనేమీ లేదు.

"నన్నడగచ్చు గదే" అంది అమ్మ.

"అడిగితే లేదనలేక తలుపేసుకుంటావని వీధికంతా తెలుసులేమ్మా!"

అమ్మ నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు.

ఫ్యూజు వేస్తే బల్బు వెలిగింది. కానీ ఆనాటినుంచి అది వెలిగినా ఆరినా ఆడవాళ్లు గేటు దగ్గరికొచ్చి కేకేసేవాళ్లు. నీళ్లు రాతి వరసకు దిగిన రోజున అమ్మ గుమ్మంలోకి వచ్చి, "ఈ పొద్దు లేవమ్మా" అంది. మా ఇంట్లో ఆ మాట వినడం నాకదే మొదలు.

"అట్లనా! అయితే మీకూ ఒక బిందె పట్టుకొస్తాలే" అంది పక్కింటామె.

నేను లోపలికి పోయి గంగాళం కడిగి పెట్టాను.