కుప్పంలో ముగియని పందెం

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. చెడిపోయిన ఏ వస్తువునైనా విప్పి, తుడిచి, మళ్ళీ బిగిస్తే చాలు, బాగుపడి తీరుతుందని. (మనుషుల సంగతి అప్పటికింకా ఆలోచించలేదు.) అంగళ్లు అనే ఊరి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ ల్యాబ్ చూసుకునే ఉద్యోగం కొత్తగా వచ్చింది. మదనపల్లెలో గది తీసుకున్నాను. ఆదివారమైతే పుంగనూరులో పెదనాన్న ఇంటికి పోయేదాన్ని. ఆ ఏడాదే ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాట తిరిగొచ్చింది గానీ మాట్లాడాలన్న ఆశ తిరిగిరాలేదు. వరండాలో గోడవైపు తిరిగి కూర్చునేవాడు. "ఎట్లుండావు పెదనాన్నా?" అంటే, "ఏముండాదిలే పాపా" అనేవాడు. అంతటితో సరి.

ఒక ఆదివారం పెద్దమ్మ అటక దులుపుతూ గోనెసంచిలో చుట్టిన పొడవాటి వస్తువొకటి కిందికి దింపింది. విప్పి చూస్తే తుపాకి! ఎప్పుడో కోలారు బంగారు గనుల్లో పనిచేసిన దొర ఒకాయన ఊరు విడిచి పోతూ పెదనాన్నకు ఇచ్చిపోయినదట. మందుగుండుతో పేలేది కాదు. గొట్టం కింద, సోడా చేయడానికి వాడేలాంటి బొటనవేలంత గ్యాసు బుడ్డి పెడితే, ఆ గ్యాసు ఊపుకు సీసపు గుండు ఎగిరిపోతుంది. "దాన్ని పాతసామాన్లోడికి వేసెయ్ పాపా, నా కొంపకు పట్టిన శని అది" అంది పెద్దమ్మ. ఆ మాట వెనక పెద్ద కథే ఉంది. కుప్పంలో ఉండే పెద్దమ్మ అన్న, అంటే మా కుప్పం మామా, పెదనాన్నా వయసులో ఉన్నప్పుడు ఈ తుపాకితోనే పందేలు వేసుకునేవాళ్ళు. ఒక పందెంలో ఆఖరి గుండు పెదనాన్నది. మీట నొక్కగానే గ్యాసంతా తుస్సుమని పక్కలనుంచి కారిపోయి, గుండు ఆయన కాళ్ళ దగ్గరే రాలింది. మామ గెలిచానన్నాడు. ఓడింది తుపాకి, నేను కాదన్నాడు పెదనాన్న. మాటకు మాట పెరిగింది. ఆనాటినుంచి ఆయన ఈ గడప తొక్కలేదు, ఈయన ఆ గడప తొక్కలేదు. ఇద్దరి మధ్యా పెద్దమ్మ ఒంటరిగా బస్సెక్కి పుట్టింటికి పోయి వస్తూ ముసలిదైపోయింది.

నేను తుపాకిని మదనపల్లెకు తీసుకుపోయాను. తుప్పు వదిలించడానికి కిరోసినూ ఓపికా సరిపోయాయి. అసలు రోగం లోపలి వాషర్లది. మోటారు పంపుల అంగట్లో కొలతకు సరిపోయే రబ్బరు వాషర్లు కొని బిగించి, పుంగనూరికి తెచ్చి, పెరట్లో గురిపెట్టి మీట నొక్కాను. గుండు గొట్టంలోనుంచి జారి తులసికోట ముందు ప్రసాదంలా పడింది. "కాకి ఉమ్మినా ఇంతకంటే దూరం పోతాది గదమ్మా" అంది పెద్దమ్మ. విప్పి చూస్తే వాషర్లు ఆ గ్యాసుకు నానిన శనగల్లా ఉబ్బిపోయాయి. (ఏ వాయువు ఏ పదార్థాన్ని ఉబ్బిస్తుందో పిల్లలకు బోర్డు మీద గీసి మరీ చెప్పిన మనిషిని నేను.) ఈసారి ట్రాక్టర్ల జాకీలు బాగుచేసే చోట, గ్యాసుకు ఉబ్బని గట్టి వాషర్లు దొరికాయి. మరుసటి ఆదివారం పెరట్లో 'ఠప్' మనే శబ్దానికి గోడమీది పెంకు ముక్కలైంది. వెనక్కి తిరిగి చూస్తే పెదనాన్న తనంతట తాను లేచి, గుమ్మం పట్టుకొని నిలబడి ఉన్నాడు.

"కుప్పానికి పోదాం పాపా. ఆ పొద్దు ఆగిన ఆట ముగించల్ల."

పాత దుప్పటిలో చుట్టిన తుపాకితో ముగ్గురం బస్సెక్కాము. కండక్టరు "ఏందప్పా అది?" అన్నాడు. పెదనాన్న "తుపాకి" అన్నాడు నిజాయితీగా. బస్సంతా నవ్వింది. "అట్లయితే దానికీ ఒక టికెట్ తీసుకో" అని కండక్టరు ముందుకు పోయాడు. నాకు మాత్రం కుప్పం చేరేదాకా భయమే. పోలీసులు పట్టుకుంటారని కాదు, మామ తలుపు తీస్తాడో లేదోనని.

తీశాడు. ఒక కంటికి శుక్లాల ఆపరేషనై పచ్చ గుడ్డ కట్టి ఉంది. పెదనాన్న వేలాడే చేతిని చూశాడు. చలిగాలికి గ్యాసు సరిగా లేవదు, ఎండ ఎక్కేదాకా ఆగాలి అన్నాను. తుపాకిని ఎండలో పెట్టి, అరుగుకు ఈ కొస ఒకరు, ఆ కొస ఒకరు కూర్చున్నారు. ఎంతసేపటికో మామ, "చెయ్యి అట్లయితే నాకు చెప్పి పంపలేదేం బావా?" అన్నాడు. "నీ కన్ను సంగతి నాకు ఎవురు చెప్పినారు?" అన్నాడు పెదనాన్న. లోపల పెద్దమ్మ చేతిలో గిన్నె జారిన చప్పుడైంది.

కొబ్బరిచెట్టుకు పాలడబ్బా మూత వేలాడదీశాను. పెదనాన్న ఎడమచేత్తో ఎత్తితే గొట్టం గాలిలో సున్నాలు చుట్టింది. గుండు ఆకాశానికి పోయింది. మామ కొట్టింది పశువుల పాకమీద పడింది. "నాకు ఆడ మూతే కనబడలేదు బావా" అని ఒప్పుకున్నాడు. అప్పుడు ఏమనుకున్నాడో, తుపాకిని రెండు చేతులతో బిగించి పట్టుకొని, "రా, నువ్వు సూడు" అన్నాడు. పెదనాన్న వంగి, చెంప ఆనించి, "ఎడమకు... ఇంకొంచెం... ఆడ, కదలద్దు" అంటూ ఎడమ వేలితో మీట నొక్కాడు.

మూత ఠంగుమంది.

ఒక్క క్షణం ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. తర్వాత మామ "గెలిసినా!" అన్నాడు. "నువ్వు ఎట్ల గెలుస్తావు? గురి నాది!" "గురి ఉంటే సరా? పట్టింది ఎవురు?" "నొక్కింది ఎవురు?" గొంతులు వీధిదాకా పోయాయి. గోడవైపు తిరిగి నెలల తరబడి నోరు విప్పని మనిషి, అరుగు మీద గుద్ది గుద్ది అరుస్తున్నాడు. పెద్దమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చి, "కొట్లాడుకోండప్పా, కడుపునిండా కొట్లాడుకోండి. అన్నం తిని మళ్ళీ కొట్లాడుకుందురు" అంది.

ఆ తగవు వాళ్ళు బతికున్నన్నాళ్ళూ తెగలేదు. దాన్ని తేల్చుకోవడానికే నెలకొకసారి ఒకరింటికి ఒకరు పోయేవాళ్ళు. ఇప్పుడు తుపాకి నా దగ్గరే ఉంది. నాకూ కళ్ళద్దాలు వచ్చాయి. సెలవురోజున వాషర్లు మార్చి, నూనె వేసి, పెరట్లో ఒక మూత వేలాడదీసి కొడతాను. తప్పిపోతే నవ్వుకుంటాను. తగిలితే మాత్రం, ఇంతటి ఉద్యోగం చేసిన దాన్ని, చుట్టూ ఎవరూ లేరని చూసుకొని, "గురి నాదే" అని కాస్త గట్టిగానే అంటాను. కాదనే మనిషి కోసం ఒక నిమిషం ఆగి, లోపలికి వస్తాను.