పూజలో ఉన్న జాకీ

పనిముట్లు కొనేటప్పుడు నాకు భయమేస్తుంది. కోరుట్లలో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు పెట్టినప్పటి నుంచీ ఉన్న భయమే ఇది. స్పానర్ పట్టుకుంటే దాని నోరు ఎప్పుడు విచ్చుకుంటుందో, నా వేళ్లు ఏ ఇనుముకు కొట్టుకుంటాయో అని ముందే ఊహించుకుంటాను. అందుకే పాతవి వెతుక్కుంటాను. సిరిసిల్ల పాత ఇనుము దుకాణాల్లో గంటలకొద్దీ కూర్చొని, ఒక్కొక్కదాన్నీ దారంతో వేలాడదీసి, ఇంకో స్పానర్‌తో తట్టి వింటాను. ఖంగుమంటే తీసుకుంటాను. బొంగురుగా పలికితే లోపల ఎక్కడో చీలిక ఉన్నట్టే. తుప్పుకు భయపడను, గీకితే పోతుంది. తళతళలాడే కొత్తవాటి మీదే నా అనుమానమంతా. పైన పటారం, లోన లొటారం.

నాతో పనిచేసే మా బామ్మర్దికి ఇదంతా నవ్వులాట. "బావా, పెండ్లిచూపులకు అచ్చినప్పుడు మా అక్కను గూడ గిట్లనే తట్టి చూసినవా?" అనేవాడు.

మా జాకీ కూడా సిరిసిల్లలో దొరికిందే. ఏనాటి లారీదో, మర తిప్పితే లేచే రకం. ఎత్తాక చేతులు వదిలేసినా దిగదు. నూనెతో లేచే జాకీలు సుళువుగానే లేస్తాయి కానీ, లోపల వాషర్ పాడైందంటే చెప్పాపెట్టకుండా దిగిపోతాయి.

మొన్న దసరాకు ఆ జాకీనీ స్పానర్లనూ కడిగి, కుంకుమ పెట్టి, అమ్మవారి పటం ముందు పేర్చాం. మా దగ్గర పూజలో పెట్టిన పనిముట్టును మర్నాడు పొద్దుటిదాకా ముట్టుకోరు. మధ్యాహ్నం ఒక రైతు ఫోన్ చేశాడు. వేములవాడ దారిలో, ఊరు దాటగానే, మొక్కజొన్న బస్తాలున్న ఆయన ట్రాలీ ఒక పక్కకు ఒరిగిపోయిందట. చూస్తే బరువు మోసే కమాన్ పట్టీలను ఇరుసుకు పట్టి ఉంచే బోల్టు తెగిందన్నాడు. మబ్బు కమ్ముకొస్తోందని ఏడుపు గొంతుతో చెప్పాడు.

"పూజలయి ఎందుకు ముట్టుడు? నేను జగిత్యాలల కొన్న సెట్టున్నది గదా బావా," అన్నాడు బామ్మర్ది.

కొత్త స్పానర్లు, కొత్త నూనె జాకీ. వాటిని నేను తట్టి చూడలేదు, ఎత్తి చూడలేదు. కానీ అమ్మవారి ముందు నుంచి జాకీని తీయాలన్నా భయమే. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. చివరికి కొత్తవే పట్టుకుపోయాం.

ట్రాలీని ఎత్తి చక్రం విప్పాం. అంతలోనే ఒక స్పానర్ నోరు విచ్చుకుంది. దాన్ని అవతల పడేశాను.

"ఇయ్యాల వద్దురా, రేపు చేద్దాం," అన్నాను.

"వాన పడితే మక్కలు మొలకలస్తయి బావా," అంటూ అతను ట్రాలీ కిందికి దూరాడు.

జాకీ దిగితే అడ్డముంటుందని, విప్పిన చక్రాన్ని చట్రం కిందికి తోశాను. "నీ భయం నాకు సుత అంటేటట్టున్నది," అని కింది నుంచి నవ్వాడు. నవ్వితే నవ్వనీ అనుకొని జాకీ వైపు చూశాను. దాని మొదట్లో నూనె తడి కనిపించింది.

"బయటికి రా! రారా బయటికి!"

నా అరుపు పూర్తికాకముందే ట్రాలీ దిగి చక్రం మీద కూర్చుంది. అతను కిందే ఉండిపోయాడు. వంగి చూస్తే ఇరుసుకూ అతని ఛాతీకీ మధ్య వేలు దూరేంత సందు. ఊపిరాడుతోంది కానీ కదలలేడు. నేల మెత్తగా ఉంది, చక్రం మెల్లగా మట్టిలోకి దిగుతోంది. రైతు బస్తాలు దించబోతే వద్దని కసిరాను. ఎవరు పైకెక్కినా ట్రాలీ ఊగుతుంది.

 ఇంటికి ఫోన్ చేశాను. మా ఆవిడ ఎత్తింది.

"జాకీ, దానికింద పెట్టే చెక్క పట్టుకొని ఆటోల రా," అన్నాను.

"పూజల పెట్టినయి తెల్లారేదాక ముట్టద్దు గదా?"

"పాపం నాకు తగులనీ. తే."

"ఏమైంది?"

"ఏం కాలే. తొందరగ తే."

తమ్ముడు కింద ఇరుక్కున్నాడని ఆమెతో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

రోడ్డు వైపు చూడాలో, చక్రం వైపు చూడాలో తెలియలేదు. ఆటో ఎంతకీ రాదు. "బావా, ఏమన్న మాట్లాడు," అన్నాడు లోపలి నుంచి. నన్నెప్పుడూ మాట్లాడనిచ్చిన మనిషి కాదు. "వచ్చే వారం సిరిసిల్ల పోదాం. ఈసారి నువ్వే ఏరాలె," అన్నాను. "సరే," అన్నాడు. ఆ గొంతులో ఎగతాళి లేకపోవడం నన్ను ఇంకా భయపెట్టింది.

ఆటో వచ్చింది. దిగుతూనే ఆమె తమ్ముడి కాళ్లు చూసి రోడ్డు మీదే కూలబడింది. చెక్క వేసి, జాకీ నిలబెట్టి, మర తిప్పడం మొదలుపెట్టాను. అది కిర్రుమన్నప్పుడల్లా నా పైప్రాణాలు పైనే పోయాయి. అన్నేళ్లుగా నమ్మిన జాకీని కూడా ఆ పూట నమ్మలేకపోయాను. ట్రాలీ కొంచెం కొంచెంగా లేచింది. రైతూ నేనూ చెరో కాలు పట్టి అతన్ని బయటికి లాగాం.

ఛాతీ గీరుకుపోయింది, అంతే. పక్కకు తిరిగి వాంతి చేసుకున్నాడు. ఆమె అతన్ని తల నుంచి కాళ్లదాకా తడిమి చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. 

"ఫోన్ల ఎందుకు చెప్పలే? నేను మల్ల తానం జేసి, కొబ్బరికాయ కొట్టి, తప్పయితే కాయి తల్లీ అని దండం పెట్టి, అప్పుడు తీసిన జాకీని. గంతసేపు నా తమ్ముడు గీడ పడున్నడా?"