శుక్రవారం ఆరు గంటల స్నానం

ఓడ దిగి, పోర్ లూయి రేవు నుంచి బస్సులో మా ఊరు రోజ్ బెల్ చేరేసరికి పొద్దున్న పది దాటింది. అన్నయ్య నా ట్రంకుపెట్టె భుజానికెత్తుకుని ఇంట్లోకి వెళ్ళిపోయాడు. నేను మాత్రం వాకిట్లో నీళ్ళ డ్రమ్ము దగ్గర ఆగిపోయాను.

మూడేళ్ళ తర్వాత ఇంటికి రావడం. గుమ్మంలో వదిన, ఆవిడ చేతుల్లో నెలరోజుల పాప. ఇరవై ఒకటో రోజున ఉయ్యాలలో వెయ్యాల్సిన పిల్లని నా ఓడ కోసమే ఆపారు. ఉయ్యాలలో వేసేది మేనత్త కదా, ఆ మేనత్తని నేను. ఉయ్యాల రేపే.

"ఇదిగోనే మీ అత్త! తెల్లోళ్ళ ఊర్లో ఉండి తెల్లబడిందేమో చూడు" అంటూ వదిన పాపని నా మీదికి చాపింది.

నేను రెండడుగులు వెనక్కేశాను. డ్రమ్ము మూతకి మోచెయ్యి తగిలి అది పెద్ద చప్పుడుతో కింద పడింది. పాప గుక్కపట్టింది.

"కి అరివే? ఏటయింది?" అని అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "లోపలికి రాకుండా అక్కడేటే?"

"ముందు స్నానం చెయ్యాలమ్మా. అప్పటిదాకా పాపని నాకివ్వొద్దు."

"నెలరోజులు సముద్రం మీద ఉన్నావు, నీళ్ళు దొరకలేదేటి?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఎప్పుడూ వాగుతూ ఉండే నేను నవ్వకపోయేసరికి వాళ్ళూ ఆపేశారు. నులకమంచం మీద కూర్చున్న అవ్వ ఒక్కతే ముందునుంచీ నవ్వలేదు.

అవ్వ అంటే మా నాన్న తల్లి. చెరకు ఎస్టేటులో గడ్డి పీకుతూ ముసలిదైపోయిన మనిషి. చావు విషయంలో మా ఇంట్లో ఆవిడ మాటే మాట. శవాన్ని ముట్టుకున్నవాళ్ళు కట్టుబట్టలతో నెత్తిమీంచి నీళ్ళు పోసుకున్నాకే గుమ్మం దాటాలి, అన్నం తినాలి, పడుకోవాలి. లేదంటే పోయినవాళ్ళు దారి తెలీక వెంట వచ్చేస్తారు. ఒకసారి వచ్చి చేరాక మర్నాడు ఎన్ని బిందెలు పోసుకున్నా కదలరు. చిన్నప్పుడు నేను ఈ మాట వినీ వినీ, పక్క వీధిలో ఎవరైనా పోతే చాలు, తువ్వాలు పట్టుకుని నిలబడేదాన్ని.

అలాంటిదాన్ని వెళ్ళి వెళ్ళి నర్సు పనికి వెళ్ళాను.

ఇక్కడ అందరూ "ఇంగ్లండ్ వెళ్ళింది" అనేవారు. నేను వెళ్ళింది ఇంగ్లండ్ కాదు. ఇంగ్లండ్ దాటాక కూడా రైలు ఇంకా పైకి, పైపైకి పోతూనే ఉంది. పొలాలు అయిపోయాయి, చెట్లు అయిపోయాయి, ఆఖరికి బూడిదరంగు రాతి ఇళ్ళు, వాటి వెనక బూడిదరంగు సముద్రం. రైలు అక్కడ ఆగింది. ఇక పోవడానికి నేల లేదు కాబట్టి ఆగిందనుకున్నాను.

అమ్మ నాకు క్యూర్‌పీప్‌లో కొన్న ఊలు చొక్కా ఒకటి పెట్టిచ్చింది. మా దీవిలో చలి అంటే క్యూర్‌పీప్ చలే, మబ్బు పడితే జనం శాలువా కప్పుకుంటారు. "అక్కడా అంతేలే, కాస్త ఎక్కువుంటాది" అంది అమ్మ. ఆ చొక్కా అక్కడ నాకు బనియను కింద బనియను అయింది. తీగమీద ఆరేసిన దుప్పట్లు ఎండబెట్టిన చేపల్లా బిర్రబిగిసిపోయేవి. కాలివేళ్ళు వాచి, ఎర్రబడి, దురదపెట్టేవి. చలికాలంలో నేను పనికి వెళ్ళేటప్పుడు చీకటి, మధ్యాహ్నం మూడున్నరకే మళ్ళీ చీకటి. నా నీడని నేను వారానికోసారి చూసుకునేదాన్ని, అదీ మబ్బు లేకపోతే. మంచు పడుతున్నప్పుడు ఊళ్ళో చప్పుడే ఉండదు. బస్సు కూడా చప్పుడు లేకుండా వచ్చి పక్కన నిలబడుతుంది. మొదటిసారి నేను కెవ్వుమన్నాను. కండక్టరు టోపీ తీసి క్షమాపణ చెప్పాడు.

నర్సుల హాస్టల్ నిండిపోయిందని నన్ను ఒక ముసలావిడ ఇంట్లో పైగదిలో పెట్టారు. ఇంటావిడ మంచిదే, కానీ స్నానాలకి ఒక పట్టిక రాసి తలుపుకి అంటించింది. ఇంట్లో నలుగురం. నా వంతు శుక్రవారం సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర. మిగతా రోజుల్లో ఒక కూజా వేడినీళ్ళు, ఒక బేసిను. మొహం, చేతులు, అంతే. ఆ ఊరంతా అంతే, ఎవరికీ వింతగా లేదు.

వార్డులో నేను చూసిన మొదటి చావు ఒక మంగళవారం. కిటికీ పక్క మంచం, చేపల పడవల మీద బతికిన మనిషి. పెద్ద నర్సు నాచేత ఆయన ఒళ్ళు తుడిపించి, జుట్టు దువ్వించింది. తర్వాత వెళ్ళి కిటికీ జానెడు తెరిచింది. మంచుగాలి కొట్టింది. ఎందుకని అడిగాను. "బయటికి వెళ్ళాలి కదమ్మాయ్" అంది, అన్నం తిన్నావా అన్నంత మామూలుగా.

నేను కిటికీలోంచి కిందికి చూశాను. ఎందుకంటే ఆ కిటికీ కింద ఉన్న వీధిలోనే నేను నడిచి వెళ్ళాలి. వీళ్ళు కిటికీ తీసి పంపించేస్తున్నారు, కింద నేను నీళ్ళు పోసుకోకుండా పోతున్నాను! శుక్రవారానికి ఇంకా మూడు రోజులుంది.

ఆ రోజు దారిలో ఒక రేకు బకెట్టు కొన్నాను. గదిలో బేసినులో నిలబడి, కట్టుబట్టలతో, నెత్తిమీంచి చన్నీళ్ళు గుమ్మరించుకున్నాను. రెండు చెంబులకే గుండె ఆగిపోయినంత పనైంది. మూడోది పోసేలోపు మెట్లమీద అడుగులు.

"అమ్మాయ్, పైన బాతుల్ని పెంచుతున్నావా?" అంది ఇంటావిడ. ఆమె చేతిలో ఉడికిన బంగాళాదుంపల పళ్ళెం ఉంది. దాన్నిండా నీళ్ళు. నా నీళ్ళే, చెక్కల సందుల్లోంచి.

నేను ఏడ్చేశాను. ఆవిడ బకెట్టు తీసుకుని కిందికి పోయింది, మళ్ళీ టీ పట్టుకొచ్చింది. బకెట్టు మాత్రం తిరిగి ఇవ్వలేదు.

ఇక అక్కణ్ణించి ఎవరు పోయినా నేను శుక్రవారం దాకా వాళ్ళతోనే తిరిగేదాన్ని. వాళ్ళతోనే తిన్నాను, వాళ్ళతోనే పడుకున్నాను. మెట్లెక్కుతుంటే వెనక మెట్టు కిర్రుమనేది. కుర్చీ మీద పడేసిన కోటులో ఎవరో కూర్చున్నట్టుండేది. శుక్రవారం స్నానంతో కాస్త తేలికయ్యేది, కానీ ఆలస్యంగా పోసుకున్న నీళ్ళకి వాళ్ళు కదలరని అవ్వ మాట. మూడేళ్ళలో నా చేతులమీదుగా ఏడుగురు. నెలరోజుల పిల్లని వాళ్ళ చేతుల్లో ఎలా పెట్టను?

ఇదంతా వాకిట్లో నిలబడి అవ్వకి చెప్పాను. వదిన పాపని లోపలికి తీసుకుపోయింది. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అవ్వ అంతా విని, మంచం దిగి, చెంబు అందుకుంది.

"కూకో" అంది.

డ్రమ్ము పక్క బండమీద కూర్చున్నాను, ఓడలో కట్టుకున్న బట్టలతోనే.

"ఒక్కొక్కల్నే సెప్పు. ఆలెవులో నాకు తెలవాలి గదా. ఊరు పేరు తెలీనోల్లకి నీల్లెలగ పొయ్యను?"

చేపల పడవాయన గురించి చెప్పాను. అవ్వ పోసింది. ఎండకి డ్రమ్ములో నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. రెండో ఆయన బడిపంతులు, అందరి దుప్పట్లూ సరిచెయ్యమనేవాడు. మూడో మనిషి గురించి నాకు సరిగ్గా గుర్తే లేదు, మొలతాడంత సన్నటి జడ ఒక్కటే గుర్తు.

"జడున్నాది గదా, సాల్లే" అని అవ్వ పోసేసింది.

తర్వాత ఇద్దరు అక్కచెల్లెళ్ళు, పక్కపక్క మంచాలు, మాట్లాడుకునేవారు కాదు. ఒక వారం తేడాతో పోయారు.

"అక్కడ కూడా ఆస్తి గొడవలేటే?" అంది అవ్వ. అమ్మకి నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. తడిబట్టల్లో కూర్చుని నవ్వుతుంటే నిజంగానే ఏదో వదులుతున్నట్టనిపించింది. ఆరో ఆయన గురించి రెండు మాటల్లో చెప్పేశాను. ఆరో చెంబూ పడింది.

అవ్వ ఏడోది ముంచి ఎత్తి పట్టుకుంది. "ఊఁ."

నేను కుడి చేతిని ఒళ్ళోకి లాక్కున్నాను.

"ఏటే? మర్సిపోనావా?"

"ఈవిణ్ణి పోయాక నేను ముట్టుకోలేదవ్వా."

"ముట్టుకోనేదా? మరెందుకు లెక్కలో ఏసావు?"

వార్డు చివర మంచంలో ఉండేది ఆవిడ. చూడ్డానికి ఎవరూ వచ్చేవారు కాదు. మూడున్నరకి చీకటి పడగానే నన్ను పిలిచి, "మీ దీవి గురించి చెప్పు" అనేది. నేను మంచం అంచున కూర్చుని చెరకు తోటల గురించి, ఎండకి కాలే తారు గురించి, పెంకుతో సహా వేడెక్కిన కొబ్బరికాయ గురించి చెప్పేదాన్ని. కొంత నిజం, కొంత కల్పన. నాకు చెప్పడం రాని పనా! కళ్ళు మూసుకుని వినేది. నెలరోజులు అలా విన్నది.

ఒక శుక్రవారం ఆవిడ గోళ్ళు నీలంగా ఉన్నాయి. అప్పటికి నాకు ఆ రంగు తెలుసు. నా డ్యూటీ అయిదుకి అయిపోయింది. కోటు వేసుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళాను. నా కుడి మణికట్టు పట్టుకుంది. చెయ్యి మంచుగడ్డలా ఉంది.

"ఇప్పుడే వెళ్ళకు. ఎండ గురించి చెప్పు" అంది.

అయిదుంపావుకి బస్సు. ఆరుకి స్నానం. ఇప్పుడు కూర్చుంటే బస్సు పోతుంది, స్నానమూ పోతుంది. అంతేకాదు, నేను ఉండగా పోతే ఒళ్ళు నేనే తుడవాలి. అప్పుడు మళ్ళీ శుక్రవారం దాకా ఏడు రోజులు. ఇవన్నీ నేను ఆవిడ కళ్ళలోకి చూస్తూనే లెక్కేసుకున్నాను.

"సోమవారం చెప్తానండీ" అన్నాను. ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే విప్పుకున్నాను. ఎవరికైనా చెప్పి వెళ్ళాలన్న ధ్యాస కూడా లేదు. పెద్ద నర్సు అవతలి గదిలో ఉంది. నేను బస్సు కోసం పరిగెత్తాను.

ఆ రోజు నీళ్ళు బాగా కాగాయి. మెడదాకా మునిగి కూర్చున్నాను. మా రామభజన పాట కూడా ఒకటి పాడుకున్నాను.

సోమవారం ఆ మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. అయిదున్నరకి పోయిందట. పక్కన ఎవరూ లేరట. పెద్ద నర్సు నన్నేమీ అనలేదు, నేను అక్కణ్ణించి ఎలా వెళ్ళానో ఆమెకి తెలీదు. కిటికీ ఎవరైనా తెరిచారా అని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు.

తర్వాత ఎన్ని శుక్రవారాలు వేడినీళ్ళలో కూర్చున్నా నా కుడి మణికట్టు ఒక్కటే వెచ్చబడేది కాదు. భూమధ్యరేఖ దగ్గర, ఓడ మీద అందరూ చొక్కాలు విప్పి ఆయాసపడుతుంటే, నేను ఆ చేతిని కొంగులో చుట్టుకుని కూర్చున్నాను.

అవ్వకి ఈ మాటలన్నీ చెప్పేసరికి నా ఒంటిమీద నీళ్ళు సగం ఆరిపోయాయి. లోపల అన్నయ్య ఎవరితోనో మార్చిలో మా దీవికి స్వతంత్రం వచ్చాక మారబోయే జెండా రంగుల గురించి గట్టిగా మాట్లాడుతున్నాడు.

అవ్వ ఎత్తిపట్టిన చెంబు దించింది. నీళ్ళు మళ్ళీ డ్రమ్ములో పోసేసింది.

"పొయ్యవా?"

"ఎందుకే? మైల కాదు గదా ఇది."

"మరేటవ్వా?"

"నాకేటి తెలుసు?" అంది. నా చెయ్యి పట్టుకుని మణికట్టు చుట్టూ బొటనవేలితో రుద్ది చూసింది. చల్లగా ఉందనలేదు, లేదనీ అనలేదు. నేను ఎదురుచూశాను, ఏమైనా అంటుందని, తప్పు లేదంటుందని. అనలేదు. నా బతుకులో అవ్వ నన్ను సముదాయించకపోవడం అదే మొదలు.

నా చెయ్యి వదిలి అడిగింది. "ఆవిడ పిల్లల్ని బయపెట్టే మనిసా?"

"కాదవ్వా. నెమ్మదస్తురాలు."

"అయితే రానీ. నువ్వొదిలేసొచ్చినావు, నానొదిలీమంటే వదలతాదా? ఆవిడుంటే ఉంటాది. రేపు ఉయ్యాల కాడ నువ్వు నేకపోతే మాత్రం నానూరుకోను. లే, బట్టలు మార్చుకో."

చీర మార్చుకుని గుమ్మం దగ్గర ఆగాను. ఎడమ పక్కకి జరిగి నిలబడ్డాను, ఇంకొకరికి కూడా దారి పట్టేంత. అమ్మ చూసింది. తర్వాత లోపలికి వెళ్ళాను.

వదిన ఈసారి పాపని చాపలేదు. చాపమీద పడుకోబెట్టి, "నీకిష్టమైతేనే పిల్లా" అని తప్పుకుంది. నేను పక్కన కూర్చుని కుడి చెయ్యే ముందుకి పెట్టాను. పాప నా చూపుడువేలు పట్టుకుంది. ఒక్కసారి ఉలిక్కిపడింది, వదల్లేదు.

"అన్నం పెట్టేశాను, రావే. తెల్లారి ఏం తిన్నావో ఏమో" అని వంటింట్లోంచి అమ్మ.

"వస్తున్నా."

కాసేపటికి మళ్ళీ పిలిచింది. "కూర చల్లారిపోతోంది! ఇంకా ఏటి చేస్తన్నావు?"

"దీనికి ఎండ గురించి చెప్తున్నానమ్మా" అన్నాను. చెప్తూనే ఉన్నాను. పాప ఎప్పుడో నిద్రపోయింది, గుప్పిట వదులైంది. వేలు నేనుగా మాత్రం తీసుకోలేదు.