రజిత ఫోన్ చదవలేని నోట్సు

2023 ఎండాకాలం. చిక్కడపల్లిలో మా డీటీపీ షాపుకి అశోక్ నగర్ హాస్టళ్ల పిల్లలు ఎగబడుతున్న రోజులు. కోచింగ్ నోట్సు టైపు చేసి, దిద్ది, పేజీలు తీర్చడం నా పని. నా పేజీలో ఒక్క ఒత్తు తప్పు చూపించమని పందెం కాసే రకాన్ని.

రజితకి చూపు లేదు. సూర్యాపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి గ్రూప్స్‌కి చదువుతోంది. పాఠాలు చదివి వినిపించే స్నేహితురాలు ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది.

"అన్న, నోట్సు పీడీఎఫ్ ఇయ్యరాదే. ఫోనే సదివి ఇనిపిస్తది. ఈసారి నౌకరి రాకుంటే ఇంటికొచ్చెయ్యమన్నడు మా నాయన."

తెర మీది అక్షరాల్ని పైకి చదివే స్క్రీన్ రీడర్ ఆమె ఫోన్లో ఉంది. ఐదు సబ్జెక్టులూ పంపాను. మూడో రోజే మళ్లీ వచ్చింది.

"ఏందేందో ఒర్రుతుంది అన్న. ఒక్క ముక్క సమజైతలేదు. జర ఇను," అంటూ ఫోన్ చాపింది.

నేను తెర చూశాను. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. పని తొందరలో ఉన్నాను, పైగా పొగరు. "నా పేజీకేం రోగం లేదమ్మా! నీ ఫోనే పాతది, మార్చుకో," అన్నాను. పిచ్చిపిల్ల, నమ్మింది. నెలన్నర పాటు ఆ ఫోనూ ఈ యాపూ అంటూ తిరిగింది.

చివరికి హాస్టల్లో ఎవరిదో కొత్త ఫోన్ పట్టుకొచ్చింది. అదీ అలాగే వాగింది. అప్పుడు గానీ తెలిసినవాణ్ని అడగలేదు నేను. నేను వాడేది పాతకాలపు ఫాంటట. కంటికి తెలుగే, ఫోన్‌కి మాత్రం లోపలన్నీ ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూనట. ఏ ఫోనైనా గుర్తుపట్టే యూనికోడ్‌లోకి మార్చాలన్నాడు. మారిస్తే ఒత్తులన్నీ చెదిరాయి. మిగతా పనులు ఆపేసి దిద్దినా, పరీక్షలోపు రెండు సబ్జెక్టులే ఇవ్వగలిగాను.

ఫలితాల్లో రజిత నంబరు లేదు. వాళ్ల నాన్న తీసుకెళ్లడానికి వచ్చాడు. పోతూ ఇద్దరూ షాపుకొచ్చారు. మిగిలిన మూడూ ఫోన్‌లో వేసిచ్చాను. అది గడగడా చదివింది.

"మంచిగనే సదువుతుంది గద బిడ్డా!" అని ఆయన సంబరపడ్డాడు.

"అవు నాయన," అంది రజిత.

నాకు తల కొట్టేసినట్టయింది. "తప్పు నాదే తల్లీ," అన్నాను.

"ఫోన్ నీ ముంగట పెట్టిన గదన్న. ఆ రోజు జర ఇంటే అయిపోతుండె."

కోపంగా కూడా అనలేదు. ఇప్పుడు ఏ ఫైలైనా స్వయంగా విన్నాకే ఇస్తున్నాను. ఆ బుద్ధి నాకు రావడానికి ఆ పిల్ల చదువు ఖర్చయిపోయింది.