నాలుగో బోర్డు మాడసామి

బస్సు తీసే ముందు మాడసామి స్టీరింగును తాకి కళ్ళకద్దుకుంటాడు. అన్నం పళ్ళెం ముందుకొస్తే దాన్నీ అంతే. దారిలో ఎవరి కాలికైనా రాసిన కాగితం తగిలితే, వాళ్ళు చూసుకోకుండా వెళ్ళిపోయినా సరే, తనే వంగి తీసి కళ్ళకద్దుకుని గోడ మీద పెట్టి వస్తాడు.

కోయంబత్తూరు పీలమేడులో ఒక కాలేజీ బస్సు తోలుతాడాయన. పొద్దున పిల్లల్ని దించాక సాయంత్రం దాకా బస్సుకు పని లేదు. ఆ బస్సు నీడలోనే తోటి డ్రైవర్లతో కూర్చుని చదరంగం నేర్చుకున్నాడు. వాళ్ళ పెట్టెలో ఒక ఏనుగు ఎప్పుడో పోయింది, దాని బదులు సోడా మూత పెట్టుకునేవాళ్ళు. మా క్లబ్బుకు మొదటిసారి వచ్చిన రోజు బోర్డు చూసి, "అబ్బా, ఏనుగులు జతగా ఉండాయే!" అని పసిపిల్లాడిలా మురిసిపోయాడు.

మా క్లబ్బంటే పెద్దదేం కాదు. దర్జీ కొట్టు మేడ మీద ఒక గది, ఒక ఫ్యాను. కొట్టాయన అద్దె అడగడు, ఆదివారం మిషను ఆపుకుని మెట్ల మీద కూర్చుని మా అరుపులు వింటాడు. మా పేటలో ఇళ్ళలో తెలుగు, వీధిలో తమిళం. ఆట వేడెక్కితే రెండూ కలిసిపోతాయి. మాడసామికి పండగంటే ఆదివారమే. శనివారం రాత్రే చొక్కా ఇస్త్రీ చేసి పెట్టుకుంటాడని ఆయన భార్య కన్నమ్మాళ్ అక్క నవ్వుతూ చెబుతుంది.

ఈ ఏడు జట్ల పోటీకి పేరిచ్చాము. జట్టుకు నలుగురు, ఒక్కొక్కరూ ఒక్కో బోర్డు మీద ఆడాలి, ఓడిన జట్టు ఇంటికి. అంతకుముందు మేము మొదటి రౌండు దాటింది లేదు. రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే అమ్మాయి సత్య మొదటి బోర్డు, మెకానిక్ సెంతిల్ రెండోది, నేను మూడోది, మాడసామి నాలుగోది.

మొదటి రౌండు కోయంబత్తూరులోనే. మాడసామి ఇరుకున పడ్డాడు. చాలాసేపు ఆలోచించి, తన రాజు తలను మెల్లగా తాకి వేళ్ళు కళ్ళకద్దుకున్నాడు. ఎదుటాయన వెంటనే చెయ్యెత్తాడు. తన వంతులో ఏ పావును తాకితే దాన్నే కదపాలని నియమం. చాటున ఉన్న రాజు బయటికి రావలసి వచ్చింది, ఆట ముగిసింది. దేవుడి దయ, మిగతా ముగ్గురం గెలిచాము.

"రాజుకు దణ్ణం ఏంటికి పెడితివి మామా?" అన్నాడు సెంతిల్ బయటికొచ్చాక.

"పెద్దాయన కదప్పా. కష్టంలో ఉండాడు. సామీ కాపాడు అంటిని."

"సామి కాపాడుతాడు మామా, రూలు కాపాడదే!"

సత్య మాత్రం నవ్వలేదు. "మామా, ఇంక మీద కుడి చేతి మీద కూర్చో. ఏమి ఆడాలో మనసులో ముడివు చేసినాక చెయ్యి తియ్యి. సరేనా?"

అలాగే చేశాడు. తరువాతి రౌండంతా చేతి మీద కూర్చునే ఆడి, ఆటను సమం చేశాడు. చివర కరచాలనానికి చెయ్యి లేవలేదు, తిమ్మిరెక్కిపోయింది. ఎదుటివాడు కంగారుపడి ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని రుద్దాడు. కాసేపటి క్రితం దాకా ఒకరి రాజు కోసం ఒకరు వల పన్నినవాళ్ళు! చూస్తుంటే నాకు కడుపు నిండింది.

ఆ రౌండూ మా జట్టే గెలిచింది. సెమీఫైనల్ మదురైలో. బస్సులో పులిహోర పొట్లాలు ఒళ్ళో పెట్టుకుని మాడసామి నా పక్కన కూర్చున్నాడు. కన్నమ్మాళ్ అక్క మా నలుగురికీ కట్టి పంపింది. పళని దారి చీలే దగ్గర చేతులు జోడించి, తరువాత మెల్లగా అన్నాడు:

"తంబీ, ఈ తూరి నా వల్ల పోతే నేను ఇంక బోర్డు ముందు కూర్చోను. మీ ఆట చూస్తా. అది చాలు నాకు."

"అట్లా ఎవురన్నారు మామా?"

"ఎవురూ అనలేదప్పా. అదే కదా కష్టం. ఒక మాటన్నా తిట్టింటే బాగుండు."

ఆయన నవ్వుతూనే చెప్పాడు. కానీ ఇస్త్రీ చొక్కా లేని ఆదివారాన్ని తలుచుకుని నేను పులిహోర పొట్లం విప్పకుండానే పక్కన పెట్టేశాను.

మదురైలో సత్య గెలిచింది, సెంతిల్ ఓడాడు, నా ఆట సమమైంది. ఇక మిగిలింది నాలుగో బోర్డే. మాడసామి గెలిస్తే ఫైనల్, ఓడితే ఇల్లు, సమమైతే మళ్ళీ ఆడి తేల్చుకోవాలి. ఎదురుగా ఇందుజ అని కాలేజీ పిల్ల, చకచకా ఆడుతోంది. నేను గోడవార నిలబడి పళని సామిని మొక్కుకున్నాను. అవతలివాళ్ళూ ఏదో ఒక సామిని మొక్కుకుంటూనే ఉంటారని తోచి సిగ్గేసింది. అందరినీ చల్లగా చూడమన్నాను.

మాడసామికి ఒక బంటు ముందుకు ఉరుకుతోంది. దానికి కాపు ఆయన రాజు. రాజు పక్కకు జరిగితే బంటు పోతుంది, బంటు పోతే ఆటా పోతుంది. ఇందుజ ఎత్తు వేసి గడియారం నొక్కబోతుంటే మోచెయ్యి తగిలి ఆ రాజే కింద పడింది. దొర్లి మాడసామి పాదానికి తగిలింది. ఇక ఆ చెయ్యి ఆగుతుందా! వంగి తీసి, రెండు కళ్ళకూ అద్దుకుని, దాని గడిలో పెట్టాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. వంతు తనది, తాకింది రాజును. ముఖం పాలిపోయింది.

"రాజును తొట్టాడు సార్!" తాకాడని వెనకనుంచి వాళ్ళ కెప్టెన్ కేక.

పోటీ నడిపే ఆర్బిటర్ వచ్చేలోపే ఇందుజ వెనక్కి తిరిగింది. "ఊరుకో అన్నా! పడేసింది నేను. కాలికి తగిలితే కళ్ళకద్దుకోకుండా ఉంటారా ఎవురైనా?"

అచ్చంగా మా ఇంటి తెలుగు! సెంతిల్ నోరు తెరిచాడు. ఆర్బిటర్‌కు తమిళంలో ఆ పిల్లే మళ్ళీ చెప్పింది. ఆయన తలూపి, పడిపోయిన పావును తీసి పెట్టడం తాకినట్టు కాదు, ఆడండి అన్నాడు.

మాడసామి కుడి చేతిని తొడ కింద పెట్టుకున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు. తరువాత తీసి బంటును జరిపాడు. ఆపైన మళ్ళీ జరిపాడు. బంటు చివరి గడికి చేరి మంత్రి కావాలి, మంత్రి ఎక్కడుందో కనిపించక టేబులంతా తడుముతున్నాడు. అది ఇందుజ వైపే ఉంది. ఆ పిల్ల తీసి రెండు చేతులతో ఆయనకందించి, తరువాత ఓటమి ఒప్పుకుంది.

బయట వరండాలో మాడసామి అడిగాడు: "ఇంట్లో తెలుగేనా అమ్మణీ?"

"అవును తాతా. తమిళం మాట్లాడితే మా అవ్వ అన్నం పెట్టదు."

సెంతిల్ ఊరుకోడు కదా. "అంత నాయంగా ఉండిన పిల్లతో సమం చేసుకోనింటే ఏమి మామా?"

"అది అంత బాగా ఆడతాంటే నేను మెత్తగా ఆడేది మర్యాదా?"

"మెత్తగా ఆడింటే నేను మీతో మాట్లాడేదాన్నే కాదు తాతా," అంది ఇందుజ. పులిహోర పొట్లం విప్పి ఆమెకూ పెట్టాము. కేకేసిన కెప్టెన్ దూరంగా నిలబడి ఉంటే, మాడసామే పిలిచి ఆకులో పెట్టి చేతికిచ్చాడు.

మరునాడు అక్కడే ఫైనల్లో మేము ఓడిపోయాము. అందరికంటే ముందు ఓడింది మాడసామే. మా ఆటలూ ముగిసి బయటికి వస్తుంటే, బస్సులో ఆయనన్న మాటే నా చెవిలో ఉంది. అక్కడ ఇందుజ జట్టంతా మా కోసం వచ్చి కూర్చుని ఉంది. ఒక బోర్డు పరిచి ఉంది.

"గడియారం లేకుండా ఒక ఆట ఆడదాం తాతా. నిన్న నన్ను ఓడిస్తిరి, బాకీ ఉంది."

ఆడారు. మాడసామి ఓడి, మళ్ళీ వేశాడు. గెలిచాడు, మళ్ళీ వేశాడు. తొడ కింద నుంచి బయటపడ్డ చెయ్యి ఇష్టం వచ్చినట్టు పావులను తడుముతోంది, ఎవరూ పట్టించుకోలేదు. మాకు బస్సు వేళయిందని సత్య పిలిస్తే, "ఉండమ్మా, ఇప్పుడే గుర్రం చిక్కింది!" అని కసిరాడు.

తిరుగు బస్సులో కూర్చోగానే మాడసామి ముందుకు వంగి సత్య భుజాన్ని తట్టాడు. "అమ్మణీ, ఫైనల్లో ఆ ఏనుగును ఏంటికి పోగొట్టుకుంటిని? ఆదివారం నాకు విడమరిచి చెప్పల్ల. తొమ్మిదికంతా వచ్చేస్తా నేను."

"ఎనిమిదిన్నరకే రా మామా," అంది సత్య.